2–3తో ఓడిన అండర్-15 జట్టు: మీద పడి ఆడే తీరు మార్చాలా?

వంశధార_గట్టు (గుణుపురం)

అందరికీ నమస్కారం. మా అండర్-15 కుర్రాళ్ళు ఆదివారం రాయగడలో సెమీఫైనల్ 2–3తో ఓడిపోయారు. సగానికి 35 నిమిషాల ఆట. అవతలి పిల్లలు మనవాళ్ళ కంటే జానెడు ఎత్తు, బలమూ ఎక్కువే. అయినా మన పిల్లలు మీద పడి ఆడి (అవతలి సగంలోనే బంతి లాక్కోవాలని వెంటపడి) 55వ నిమిషంలో 2–1 చేశారు. 56లో కుడి వింగ్ నుంచి క్రాస్ వచ్చింది, 2–2. 66లో కార్నర్, మన గోలుకి అవతలి పోస్టు (కార్నర్ వేసే చోటికి దూరంగా ఉన్నది) దగ్గర మనవాడు ఒక్కడూ లేడు, 2–3. ఇద్దరికి పిక్కలు పట్టేశాయి. ఆఖరి విజిల్ దాకా అవతలి గోలీకి ఊపిరి సలపనివ్వలేదు, ఒక షాటు పోస్టుకి తగిలి బయటికెళ్ళింది.

వీడియో చూసి, అవతలి సగంలో బంతి లాక్కున్నవి లెక్కపెట్టాం. మొదటి సగంలో 14. తర్వాతి 15 నిమిషాల్లో 6. చివరి 20 నిమిషాల్లో 1.

ఊళ్ళో పెద్దలు, వెనక ఉండి కాచుకుని ఆడించమంటున్నారు. పిల్లలకి అది ఇష్టం లేదు. తర్వాతి పోటీకి మూడు వారాలుంది. వారానికి నాలుగు సాయంత్రాలు, పూటకి 75 నిమిషాలు, 18 మంది. ఏం మార్చాలి?

హాఫ్‌లైన్ (పర్లాకిమిడి)

తీరు మార్చకండి. తమకంటే పెద్దవాళ్ళ దగ్గర 21 సార్లు బంతి లాక్కున్న పిల్లల్ని వెనక్కి లాగితే ఉన్న బలమే పోతుంది. మీ లెక్క చూస్తే దమ్ము తక్కువైనట్టు లేదు, ఉన్నదంతా మొదటి 50 నిమిషాల్లోనే ఖర్చయిపోయింది. ప్రతి బంతికీ పరిగెత్తకుండా, ఎప్పుడు పరిగెత్తాలో నేర్పండి.

అవతలివాడు గోలీకి వెనక్కి పాస్ ఇచ్చినప్పుడు, గాల్లో వచ్చిన బంతిని దించుకుంటున్నప్పుడు, సొంత గోలు వైపు మొహం పెట్టి బంతి అందుకున్నప్పుడు, టచ్‌లైన్ పక్కన ఇరుక్కున్నప్పుడు మాత్రమే మీద పడాలి. దగ్గరున్న ముగ్గురూ ఒకేసారి వెళ్ళాలి, 5–6 సెకన్లు. దొరకలేదా, అందరూ సెంటర్ లైన్ దాకా వెనక్కి రావాలి. మామూలుగా జరిగే తప్పేమిటంటే ఒకడే వెళ్తాడు, మిగతావాళ్ళు చూస్తుంటారు. ఒక్క పాస్‌తో వాడి పరుగంతా వృథా. ప్రాక్టీసులో అలా జరగ్గానే విజిల్ వేసి ఎక్కడివాళ్ళని అక్కడే ఆపండి, అడుగులు లెక్కపెట్టించండి. పక్కవాడు 8–10 మీటర్ల లోపు ఉండాలి.

ఇంకొకటి స్టాపర్ల (వెనక వరస మధ్యలో కాచేవాళ్ళ) సంగతి. ఫార్వర్డ్ అవతలి పెనాల్టీ బాక్సు దగ్గర మీద పడుతుంటే స్టాపర్లు మన బాక్సులోనే నిలబడితే మధ్యలో 50 మీటర్ల ఖాళీ మిగులుతుంది. హాఫ్‌ల (మధ్య వరస వాళ్ళ) కాళ్ళు అరిగేది అక్కడే. ముందు వరసకీ వెనక వరసకీ మధ్య 30 మీటర్లు దాటనివ్వకండి. స్టాపర్లు పైకొస్తే గోలీ కూడా బాక్సు అంచుకి రావాలి, లేకపోతే వాళ్ళ తల మీదుగా వేసే పొడుగు బంతికి దిక్కుండదు.

కసరత్తు: 25×20 మీటర్ల గళ్ళలో నలుగురికి నలుగురు. 3 నిమిషాల ఆట, 2 నిమిషాల విశ్రాంతి, 5 సార్లు, వారానికి రెండు పూటలు. బంతి లాక్కున్న 6 సెకన్లలోపు కొట్టిన గోలుకి రెండు పాయింట్లు. పక్కన 6 బంతులుండాలి. బయటికి పోయిన దాని కోసం వెతుకుతూ కూర్చుంటే ఈ కసరత్తుకి అర్థం ఉండదు.

ఇక ఆ 56వ నిమిషం. 2017 అక్టోబర్ 9న ఢిల్లీలో అండర్-17 ప్రపంచ కప్పు, కొలంబియాతో ఆట గుర్తుందా? 82వ నిమిషంలో సంజీవ్ స్టాలిన్ కార్నర్ వేస్తే జీక్సన్ సింగ్ తలతో గోలు కొట్టాడు. ఫిఫా ప్రపంచ కప్పుల్లో భారత్‌కి అదే తొలి గోలు, 1–1. 83లో కొలంబియా ఆటగాడు పెన్యలోజా కొట్టేశాడు, 2–1తో ఓడాం. ఆ పిల్లల పోరాటం చూసి దేశమంతా నిలబడి చప్పట్లు కొట్టింది, కొట్టాల్సిందే. కానీ గోలు కొట్టిన మరుక్షణం ఏం చెయ్యాలో విడిగా నేర్పితే తప్ప రాదని చెప్పేదీ ఆ ఆటే. అందుకని మన గోలు పడినట్టు అనుకుని, అవతలివాళ్ళ కిక్-ఆఫ్‌తో మొదలుపెట్టి 3 నిమిషాలు ఆడించండి, వారానికి పది సార్లు. కిక్-ఆఫ్ వేసేవాడు తప్ప అందరూ సొంత సగంలోకి వచ్చేదాకా రిఫరీ ఆట మొదలెట్టడు కాబట్టి పరుగున రాకుండా నడిచి వచ్చి కుదురుకోవచ్చు. ఆ మూడు నిమిషాలు సైడ్ బ్యాక్‌లు (వెనక వరసలో రెండు అంచులవాళ్ళు) ఇద్దరూ సెంటర్ లైన్ దాటకూడదు.

స్టాపర్_5 (రాయగడ)

హాఫ్‌లైన్ గారితో సగమే ఏకీభవిస్తాను. 2–1 వచ్చి 15 నిమిషాలే ఉన్నప్పుడు 10 మీటర్లు వెనక్కి దిగి ఆడటం పిరికితనమేమీ కాదండీ. కాకపోతే ఊరికే బంతి పట్టుకుని కాలం గడపాలని చూడొద్దు. 2025–26 నియమాల్లో గోలీ చేతుల్లో బంతి 8 సెకన్లు దాటితే అవతలివాళ్ళకి కార్నర్ ఇస్తారు.

కార్నర్ గురించి ఎక్కువ చెప్పాలి. పొడుగు జట్టు మీద మనిషికి మనిషిని కడితే ఎత్తులో ఓడిపోతాం. 11 మందిని ఇలా పంచండి: గోలీ, దగ్గర పోస్టుకి ఒకడు, గోలు ముందు 5.5 మీటర్ల గీత మీద నలుగురు వరసగా, వాళ్ళ ముందు ముగ్గురు (వీళ్ళ పని హెడ్ గెలవడం కాదు, అవతలి పొడుగువాళ్ళ పరుగుకి అడ్డంగా ఉండటం), బాక్సు అంచున ఒకడు, సెంటర్ లైన్ దగ్గర మీ వేగమైన కుర్రాడొకడు. గీత మీది నలుగురిలో ఆఖరివాడు అవతలి పోస్టువాడు. అలసిపోయినప్పుడు ముందుగా బంతి వైపు జరిగిపోయేది వాడే. మీ మూడో గోలు అలాగే పడి ఉంటుంది. ఆ చోటికి 60వ నిమిషం తర్వాత కొత్తగా దిగిన సబ్‌స్టిట్యూట్‌ని పెట్టండి.

మరొక మాట. మన జట్లలో తెలుగు, ఒడియా, సవర, కువి మాట్లాడే పిల్లలు కలిసే ఉంటారు. అరుపులు ముందే ఖరారు చెయ్యండి. ఒకడు "నాది" అని, ఇంకొకడు "మోర" అని అరిస్తే ఇద్దరూ ఆగిపోయి బంతి మధ్యలోంచి పోతుంది. నాలుగు మాటలు చాలు: నాది, వదిలెయ్, వెనక, పైకి. భాష ఏదైనా ఒకటే ఉండాలి. ప్రాక్టీసులో అరవకుండా బంతి తీసుకుంటే అవతలివాళ్ళకి ఫ్రీకిక్ ఇచ్చెయ్యండి.

ఫస్ట్_ఎయిడ్_పెట్టె (కొరాపుట్)

పిక్కలు పట్టెయ్యడం ఒక్క ఉప్పు తక్కువై కాదు, అలవాటు లేనంతగా కండరం అలసిపోవడం పెద్ద కారణం. పట్టినప్పుడు మోకాలు తిన్నగా పెట్టి, పాదం వేళ్ళని మోకాలి వైపు మెల్లగా 30 సెకన్లు నొక్కి పట్టండి. గట్టిగా కుదపకండి, కొట్టకండి. రెండోసారి పట్టిందంటే వాణ్ణి దించెయ్యాల్సిందే, ఎంత ఏడ్చినా సరే.

ఆటకి 3 గంటల ముందు అన్నం, పప్పు. చద్దన్నమైనా, చోడి అంబలైనా ఇదే లెక్క. గంట ముందు అరటిపండు. విరామంలో ఒక గ్లాసు ఓఆర్ఎస్. ఇక్కడ తరచు పొరపాటు జరుగుతుంది: పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్ళకి, చిన్నది 200 మిల్లీలీటర్లకి. పెద్ద ప్యాకెట్‌ని గ్లాసులో కలిపేస్తే వాంతులవుతాయి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్ళకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచాలు సమంగా గీసి.

ప్రాక్టీసు ముందు ఫిఫా 11 ప్లస్ (గాయాలు తగ్గించే వార్మప్) చేయించండి. మొత్తం 20 నిమిషాలు: 8 నిమిషాలు పరుగులు, 10 నిమిషాలు బలానికి, 2 నిమిషాలు వేగం పరుగులు. వారానికి రెండుసార్లయినా ఉండాలి. మ్యాచ్ రోజున మధ్య భాగం వదిలెయ్యాలి, అది కాళ్ళని అలిసిపోయేలా చేస్తుంది.

వంశధార_గట్టు

అందరికీ ధన్యవాదాలు. పెద్దలకి 14, 6, 1 చూపిస్తే వెనక ఉండి ఆడించాలనే మాట తగ్గింది. స్టాపర్ గారూ, ఒక్క సందేహం. తర్వాతి పోటీలో మన మీద ఆడబోయే జట్టులో ఎడమకాలి కుర్రాడున్నాడు. కుడి కార్నర్ నుంచి బంతి గోలు లోపలికి తిప్పుతాడు. ఆ నిలువే సరిపోతుందా?

స్టాపర్_5

అదే నిలువు, రెండు మార్పులతో. ముందు వరస ముగ్గురిలో ఒకణ్ణి తీసి దగ్గర పోస్టుకి రెండు మీటర్ల ముందు, కార్నర్ వైపు మొహం పెట్టి నిలబెట్టండి. తక్కువ ఎత్తులో వచ్చేవన్నీ వాడివే. గోలీ 7.32 మీటర్ల గోలుకి సరిగ్గా మధ్యలో కాకుండా ఒక అడుగు అవతలి పోస్టు వైపు ఉండాలి. ముందుకి రావడం తేలిక, వెనక్కి నడుస్తూ బంతి పట్టడం ఈ వయసులో చాలా కష్టం. అవతలి పోస్టువాడికీ అదే సూత్రం: పోస్టుకి మీటరు బయట, బంతీ మనిషీ రెండూ కనబడేలా పక్కకి తిరిగి నిలబడాలి.