ఫ్యాక్టరీ ముందున్న స్థలంలో ఆఫీసు కట్టాలా, ట్రాక్టర్లకు యార్డు వదలాలా?

చిత్తూరు అకౌంట్స్:
చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తాను. మా ఓనర్ ఫ్యాక్టరీని పెంచుతున్నారు. వెనకవైపు కొత్త పల్పింగ్ లైను, డ్రమ్ముల గోడౌను వస్తాయి. దాని మీద ఎవరికీ పేచీ లేదు. గొడవంతా షెడ్డుకూ రోడ్డుకూ మధ్య, పడమరవైపు ఉన్న ఎకరం స్థలం గురించే. అక్కడ మూడంతస్తుల ఆఫీసు, రోడ్డు వైపంతా అద్దాలు అని ఒక ప్లాను గీయించారు. ఆ స్థలం పండ్ల ట్రాక్టర్లకు వదిలేసి ఆఫీసును షెడ్డుకు ఆనించి కట్టాలని నేనంటున్నాను. 2025 సీజన్‌లో తోతాపురి ధర పడిపోయి, జిల్లాలో ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు ఎలా బారులు తీరాయో అందరం చూశాం. కోసిన కాయ ఎండలో ఉంటే గంటగంటకీ పాడవుతుంది. ఆ నష్టం రైతుదే. లోపల జాగా పెట్టుకుని వాళ్లను రోడ్డు మీద నిలబెట్టడం నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

తిరుపతి మార్కెటింగ్:
అన్నా, రైతు కష్టం నేను కాదనను. కానీ సీజన్ రెండు మూడు నెలలు, ఆఫీసు పన్నెండు నెలలు. గల్ఫ్ నుంచో యూరప్ నుంచో కొనేవాళ్లు వస్తే రేకుల షెడ్డు పక్కన ఇరుకు గదిలో కూర్చోబెడతామా? మన పిల్లలు చెన్నై, బెంగళూరు వదిలి చిత్తూరులో ఉద్యోగం చేయాలన్నా ఆఫీసు బాగుండాలి. ఇటలీలో ఇవ్రియా అనే ఊళ్లో ఒలివెట్టి టైపురైటర్ల ఫ్యాక్టరీ ఉండేది. 1890ల నాటి ఎర్ర ఇటుక బిల్డింగ్‌ను అలాగే ఉంచి, 1930ల నుంచి దాని పక్కన అద్దాల బ్లాకులు కట్టుకుంటూ పోయారు. 2018లో యునెస్కో ఆ ఊరిని వారసత్వ జాబితాలో చేర్చింది. ఫ్యాక్టరీ అందంగా ఉండటం తప్పు కాదు. పైగా నైరుతి ఎత్తుగా ఉండాలంటారు కాబట్టి పడమర బిల్డింగ్ వాస్తుకు కూడా సరిపోతుంది.

తిరుపతి ఆర్కిటెక్ట్:
ఒలివెట్టి పేరు తెచ్చినందుకు సంతోషం. నాకు చాలా ఇష్టమైన కట్టడం. అయితే మిగతా సంగతి కూడా చెప్పాలి. అక్కడ అద్దాల వెనక ఉన్నది మెషిన్ల దగ్గర పనిచేసే కార్మికులు. వెలుతురు ముందు వాళ్లకే ఇచ్చారు. ఆ బ్లాకులు గీసిన ఆర్కిటెక్టులు ఫిజీని, పొల్లీనిల చేతే కార్మికుల పిల్లలకు నర్సరీ, తర్వాత రోడ్డుకు అవతల సంక్షేమ కేంద్రం కట్టించారు. ఇవ్రియా ఆల్ప్స్ పర్వతాల పాదాల దగ్గర, 45 డిగ్రీల అక్షాంశంలో ఉంది. ఆ చలిలో ఎండ వరం. చిత్తూరు 13 డిగ్రీల దగ్గర ఉంది. పడమటి ఎండ మధ్యాహ్నం నుంచి పొద్దు గూకేదాకా ఏటవాలుగా నేరుగా లోపలికి కొడుతుంది. పైన ఎంత సజ్జ వేసినా ఆగదు. తర్వాత ఆ అద్దాలకు కర్టెన్లు కట్టి, లోపల లైట్లు వేసుకుని, ఏసీకి కరెంటు బిల్లు కట్టాలి. బిల్డింగుల్లో కరెంటు పొదుపు కోసం కేంద్రం తెచ్చిన ఈసీబీసీ 2017 కోడ్ మామూలు పద్ధతిలో గోడలో 40 శాతం దాకానే అద్దం ఒప్పుకుంటుంది. అది దాటితే మొత్తం బిల్డింగ్ కరెంటు వాడకం లెక్కగట్టి చూపించాలి. మీ సైజు బిల్డింగ్‌కు కోడ్ వర్తించకపోయినా ఎండ వర్తిస్తుంది కదా.

ఇంకో మాట. కొత్త షెడ్డుకు నార్త్ లైట్ ట్రస్, అంటే ఉత్తరం వైపు కిటికీలతో రంపపు పళ్లలా ఉండే కప్పు, వేయమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. మంచి సలహానే, కానీ చల్లని దేశాల డ్రాయింగ్ చూసి అలాగే దించకండి. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా చిత్తూరులో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. సరిగ్గా మీ సీజన్! కిటికీల పైన కొద్దిపాటి చూరు, పొద్దున సాయంత్రం ఎండకు పక్కన నిలువు పలకలు పెట్టకపోతే ఉత్తరపు వెలుతురుతో పాటు ఎండ కూడా దిగుతుంది.

ఆఫీసు షెడ్డుకు ఉత్తరం గోడను ఆనించి రెండంతస్తులు వేయొచ్చు. బాయిలర్ మాత్రం దూరంగా ఉండాలి. పై అంతస్తులో గాజు కిటికీ నుంచి లైను మొత్తం కనబడాలి, మెట్లు బయటినుంచి ఉండాలి. ఆఫీసు వాళ్లు గానీ చూడ్డానికి వచ్చినవాళ్లు గానీ గుజ్జు తీసేచోట అడుగు పెట్టే పని ఉండకూడదు. శుభ్రత ఆడిట్‌కు వచ్చేవాళ్లు మన ముందు గోడ అందం చూడరు. పచ్చి కాయ వచ్చే దారి, సీలు వేసిన డ్రమ్ము పోయే దారి ఎక్కడైనా కలుస్తున్నాయా, కాలువ ఎటు పారుతోంది, చేతులు ఎక్కడ కడుగుతున్నారు అని చూస్తారు.

బంగారుపాళెం రైతు:
సార్, యార్డు అంటే ఉత్త నేల వదిలిపెడితే మాకు ఒరిగేదేమీ లేదు. పైన రేకులు వేయాల. తాగేదానికి నీళ్లు, బాత్రూము ఉండాల. ఏ టోకెన్ నడుస్తా ఉందో కనబడే బోర్డు పెట్టాల. నంబరు తెలిస్తే ఇంటికి పోయి రెండు మెతుకులు తిని వస్తాం.

లైను మీద పనిచేసే అమ్మ కూతురు:
ఓనర్ గది ఎక్కడ, రైతు ట్రాక్టర్ ఎక్కడ అని మాట్లాడుతున్నారు గానీ లోపల కాయలు కడిగి, ఏరే ఆడవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. మా అమ్మ పనిచేసిన ఒక ఫ్యాక్టరీలో బట్టలు మార్చుకోవడానికి కూడా గది లేదు. 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే పిల్లల గది పెట్టమన్నారు. 1976 సవరణ నుంచి, 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో కొత్త లేబర్ కోడ్‌లు వచ్చేదాకా, 30 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట అది తప్పనిసరిగా ఉండేది. కొత్త ప్లానులో ఆ గది ఎక్కడుందో ముందు అడగండి అన్నా. తర్వాత పెడతాం అన్న గది ఎప్పటికీ రాదు.

చిత్తూరు అకౌంట్స్:
అడుగుతానమ్మా. గీసిన ప్లానులో ఆ గది లేదు. ఆఫీసు కింది అంతస్తులోనే పిల్లల గది, ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గది, క్యాంటీన్ పెట్టమంటాను. వాస్తు మాటకొస్తే, నైరుతి మూలలో ఓవర్‌హెడ్ ట్యాంకు కడితే ఎత్తూ ఉంటుంది, బరువూ ఉంటుంది. దానికోసం ఎకరమంతా ఖర్చు చేయక్కర్లేదు. యార్డుకు రేకులు, నీళ్లు, బాత్రూము, టోకెన్ బోర్డు కూడా కలిపి అంచనా వేయించమంటాను.

తిరుపతి మార్కెటింగ్:
పడమర అద్దాల విషయంలో ఆర్కిటెక్ట్ సార్ మాటకు ఒప్పుకుంటున్నాను. కానీ గేటు పక్కన వచ్చినవాళ్లు కూర్చునే ఒక మంచి గది మాత్రం ఉండాల్సిందే. ట్రాక్టర్ల మధ్య నుంచి నడిపించి కస్టమర్‌ను లోపలికి తీసుకెళ్లాలంటే నేను ఒప్పుకోను.

బంగారుపాళెం రైతు:
గది కట్టుకోండి సార్, మాకేం అడ్డం లేదు. కాటా పక్కన మాత్రం వద్దు. ట్రాక్టరు తిరిగేదానికి జాగా చాలదు.