'థౌజండ్-పిలర్డ్ టెంపుల్': ఊనిక ఎక్కడ పెట్టాలె?

హనుమకొండ గైడ్: వేయిస్తంభాల గుడి చూపించే కొత్త గైడ్లకు ఇంగ్లిష్ మాటలు రాసిస్తున్నం. పై మాటలో ఊనిక (స్ట్రెస్, అంటే పలికేటప్పుడు పడే బలం) 'పి' మీదనా, 'థౌ' మీదనా? (ఊనిక పడే సిలబుల్, అంటే మాటలోని పలుకు ముక్క, ముందు ఈ గీత పెడుదాం: ˈ)

కాజీపేట పంతులు: 'పి' మీదనే. విశేషణ సమాసాల్లో రెండో మాటకే బలం: ఓల్డ్-ˈఫ్యాషన్డ్, బ్యాడ్-ˈటెంపర్డ్, వెల్-ˈనోన్. మొదటి మాట మీద పెట్టేది ˈబ్లాక్‌బోర్డ్, ˈగ్రీన్‌హౌస్ లాంటి నామవాచకాలకు.

జనగామ టీచర్: ఒప్పుకోను సార్. నిఘంటువులో గీత ఆ మాట ఒంటరిగా ఉన్నప్పటిది. 'హీ ఈజ్ వెల్-ˈనోన్' సరే. 'ఎ వెల్-నోన్ ˈసింగర్' అన్నప్పుడు 'నోన్', 'సిం' పక్కపక్కనే ఢీకొంటయ్. అందుకే బలం ముందుకు జరిగి 'ˈవెల్-నోన్ ˈసింగర్' అయితది. గుడి పేరు కూడా అంతే: ˈథౌజండ్-పిలర్డ్ ˈటెంపుల్. వాక్యం చివర వస్తేనే 'పి'కి బలం.

కాజీపేట పంతులు: జరగడం నిజమే మేడమ్. కానీ అది ముందే నేర్పితే పిల్లలు అన్నిటికీ మొదట్లోనే పెడతరు. పైగా ˈహోమ్‌సిక్, ˈవాటర్‌ప్రూఫ్ ఎక్కడున్నా మొదటి మాట మీదనే. నామవాచకంతో మొదలయ్యేవన్నీ అంతే అనుకుందామంటే ఐస్-ˈకోల్డ్, డ్యూటీ-ˈఫ్రీ అడ్డమొస్తయ్. ఒక్కో మాటనూ నిఘంటువులో చూసుకోవాల్సిందే.

వరంగల్ వ్యాకరణం: ఊనిక కన్నా ముందు సిలబుల్స్ సరిచేయండి. 'పిల్లరెడ్' అని మూడు పలుకుతున్నరు. ఉన్నవి రెండే, పి-లర్డ్. ట, డ ధ్వనుల తర్వాతనే '-ఎడ్' విడిగా పలుకుతది: కైండ్-హార్టెడ్, అబ్సెంట్-మైండెడ్. 'త్రీ-లెగ్డ్', 'త్రీ-లెగిడ్' మాత్రం రెండూ వినిపిస్తయ్. ఇవన్నీ మన బహువ్రీహులే. మూడు కన్నులు గలవాడు ముక్కంటి. 'గలవాడు' అనే అర్థం ఇక్కడ '-ఎడ్' ఇస్తది.

ఇంకో తప్పు బహువచనం. గుడి 1163 నాటిది. మనం 'ఎనిమిది వందల ఏళ్ల గుడి' అంటం గాబట్టి 'ఇయర్స్-ఓల్డ్' అని నోట్లోకి వస్తది. ఎయిట్-హండ్రెడ్-ఇయర్-ఓల్డ్ అనాలె. పది రూపాయల నోటూ 'టెన్-రుపీ నోట్' అట్లనే.

హనుమకొండ గైడ్: మరి సాధన ఎట్ల చేయించాలె?

జనగామ టీచర్: బల్ల మీద రెండే దెబ్బలు: 'థౌ'కు ఒకటి, 'టెం'కు ఒకటి. నడుమ జండ్-పి-లర్డ్ మూడూ గబగబా పోవాలె. మనవాళ్లు ఊనిక అంటే గట్టిగా అరుస్తరు. అరవొద్దు, ఆ సిలబుల్ దగ్గర స్వరం పైకెత్తి కొంచెం సాగదీస్తే చాలు. 'జండ్'లో అకారం వినీవినపడనట్టు ఉండాలె. 'పి' దెబ్బ పోగొట్టుకుంటది గానీ దాని ఇకారం మాత్రం చెడగొట్టొద్దు.

కాజీపేట పంతులు: వాక్యం చివర ఉండేది కూడా అదే రోజు చేయించండి. రెండూ పక్కపక్కన వింటేనే తేడా చెవికి పడుతది.