సైన్యం స్పేర్‌పార్ట్స్ లెక్కల్లోకి సైకాలజీ ఎలా దూరింది?

ఎంబీఏ_కష్టాలు: మొన్న క్లాసులో బీర్ గేమ్ ఆడించారు, బీరేం లేదులెండి, షాపు నుంచి ఫ్యాక్టరీ దాకా ఒకరికొకరు సరుకు ఆర్డర్ చీటీలు పెట్టుకునే ఆటే. మొదట స్టాక్ లేదని ఏడ్చాం, ఆఖరికి గోడౌన్ నిండిపోయి తిట్లు తిన్నాం. ఇలాంటి ఆటలు అమెరికా ఎయిర్‌ఫోర్స్ లాజిస్టిక్స్ (సరుకులూ పార్టులూ నిల్వ చేసి చేరవేసే పని) నుంచి వచ్చాయని సార్ అన్నారు, నిజమేనా? ఎకనామిక్స్ వాళ్లకి సైకాలజీ వాళ్లతో అక్కడేం పని?

పాతకాగితాలు: సగం నిజం బ్రో. బీర్ గేమ్ ఎంఐటీలో జే ఫారెస్టర్ అనే ప్రొఫెసర్ గ్రూపుది, అది వేరే కథ. సార్ చెప్పింది అమెరికాలో శాంటా మోనికాలో ఉన్న, ఎయిర్‌ఫోర్స్‌కి పరిశోధనలు చేసిపెట్టిన ర్యాండ్ అనే సంస్థ గురించి అయ్యుంటుంది. 1952లో జాన్ కెనడీ అనే సైకాలజిస్టూ ఇంకొందరూ కలిసి అక్కడ ఒక గదిలో ఏకంగా ఎయిర్ డిఫెన్స్ కేంద్రానికే నమూనా కట్టేశారు, అసలు రాడార్ లేదు, విమానాలు ఎక్కడున్నాయో అక్కడి పరిశోధకుడు అలెన్ న్యూవెల్ చిల్లుల కార్డులతో నడిచే కాలిక్యులేటర్‌తో కాగితం మీద ప్రింట్ కొట్టించేవాడు. దానికి సలహాదారుగా వచ్చిన, మనుషులు నిర్ణయాలెలా తీసుకుంటారో పరిశోధించిన హెర్బర్ట్ సైమన్‌కే 1978లో ఎకనామిక్స్ నోబెల్, చూశావా లింకు. తర్వాత 1956లో ర్యాండ్‌లోనే మర్రే గైస్లర్ అనే ఆయన చేతిమీదుగా లాజిస్టిక్స్ ల్యాబ్ పెట్టి, ఉన్న సప్లై పద్ధతికీ ర్యాండ్ వాళ్ల కొత్త పద్ధతికీ పోటీ పెట్టారు, ఆడింది నిజం ఎయిర్‌ఫోర్స్ లాజిస్టిక్స్ మనుషులే. ఫార్ములా రాసేయొచ్చు గానీ స్టోర్స్ వాడు దాన్ని పాటిస్తాడో లేదో కూర్చోబెట్టి చూస్తేనేగా తెలిసేది.

స్టోర్స్ బాబాయ్: పాటించడు బాబూ. బస్ డిపో స్టోర్స్‌లో ఇరవై రెండేళ్లు చేశా. ఒక పార్ట్ కావాల్సిన మెకానిక్ ఇండెంట్‌లో (సామాన్లు అడిగే చీటీలో) నాలుగు రాస్తాడు, ఎందుకంటే పోయినసారి అడిగినదాంట్లో సగమే ఇచ్చా, వాడు పెంచి రాస్తాడని తెలిసి నేనింకా కోస్తా, ఈసారి ఆరు రాస్తాడు. ఓసారి బెంచీ కింద పాత పేపర్లో చుట్టి మూడు బ్రేక్ లైనర్లు దొరికాయి, నా లెడ్జర్లో ఆ రోజు నిల్వ సున్నా!

ఎంబీఏ_కష్టాలు: హహ బాబాయ్ 😂 మేం దాచుకోలేదు గానీ, పెట్టిన ఆర్డర్ దారిలో ఉందన్న సంగతే మర్చిపోయి మళ్లీ మళ్లీ పెట్టాం.

పాతకాగితాలు: ఎంఐటీ ప్రొఫెసర్ జాన్ స్టెర్మన్ 1989లో బీర్ గేమ్ ఆడినవాళ్ల రికార్డులు తీసి తేల్చింది సరిగ్గా అదే, దారిలో ఉన్న సరుకుని మనిషి లెక్కలోకి తీసుకోడు. ర్యాండ్ వాళ్లదే మోనోపోలాగ్స్ అని ఇంకో ఆట ఉండేది, ఒక డిపో, ఐదు ఎయిర్ బేస్‌లు, కొనడం, రిపేర్ చేయించడం, పంచడం అన్నీ నువ్వే చూసుకోవాలి, ఖర్చు తగ్గాలి, ఎక్కడా పార్ట్ లేదనకూడదు.

స్టోర్స్ బాబాయ్: ఆ ఆటలో బెంచీ ఉందా మరి?