వేడెక్కాక బండి ఉన్నట్టుండి ఆగిపోతోంది, మళ్లీ అందుకోవట్లేదు. పంపు మార్చాలంటున్నారు, నిజమేనా?

హైవే65:
అందరికీ నమస్కారం. మాది 2014 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, లక్ష కిలోమీటర్లు దాటింది. మొన్న హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తుంటే నకిరేకల్ దాటాక, ఎనభైలో పోతున్న బండి ఒక్కసారిగా ఆగిపోయింది. దగ్గలేదు, కుదుపు లేదు, తాళం తీసేసినట్టే ఆగింది. సెల్ఫ్ కొడితే ఇంజిన్ బాగానే తిరుగుతోంది కానీ అందుకోవట్లేదు. బండిలో అమ్మ, పిల్లలు ఉన్నారు, మధ్యాహ్నం ఎండ, చాలా టెన్షన్ పడ్డాం. అరగంట పైనే ఆగి చూస్తే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయింది, సూర్యాపేట దగ్గర మళ్లీ అదే కథ. అక్కడి మెకానిక్ పెట్రోల్ పైపు ఊడదీసి సెల్ఫ్ కొట్టించి చూసి, పెట్రోల్ రావట్లేదు, పంపు పోయింది, మార్చాల్సిందే అన్నాడు. ఇంటికొచ్చాక స్కానర్ పెట్టిస్తే ఏ ఎర్రర్ కోడూ లేదు. పంపు ఖరీదు తక్కువేం కాదు, మార్చేయమంటారా?

ఆటో_కరెంటు_గుంటూరు:
తొందరపడకండి అన్నా. ముందు మూడు సంగతులు చెప్పండి. తాళం ఆన్‌లో పెట్టగానే (సెల్ఫ్ కొట్టకముందు) వెనక సీటు కింద నుంచి రెండు మూడు సెకన్లు ‘జుయ్’మని పంపు శబ్దం వస్తోందా? సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఆర్‌పీఎం ముల్లు కొంచెమైనా లేస్తోందా, సున్నా మీదే పడుకుని ఉందా? ఇమ్మొబిలైజర్ (దొంగతాళంతో స్టార్ట్ కాకుండా ఆపేది) లైటు టపటపా కొట్టుకుంటోందా? ఇవి బండి ఆగిపోయి ఉన్నప్పుడే చూడాలి. చల్లారి స్టార్ట్ అయ్యాక ఎంత వెతికినా ఏమీ దొరకదు.

ఖమ్మం_డ్రైవర్:
ఇంకోటి కూడా చూడండి. సెల్ఫ్ కొడితే ఇంజిన్ మామూలు కంటే వేగంగా, ఎక్కడా బరువు తగలనట్టు తిరిగితే టైమింగ్ బెల్టు తెగి ఉండొచ్చు, అప్పుడు మళ్లీ మళ్లీ కొట్టకూడదు, చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. మీది అరగంటకి స్టార్ట్ అయింది కాబట్టి అది కాదు, కానీ ఇది చదివే మిగతావాళ్లు గుర్తుపెట్టుకోండి. రోడ్డు మీద ఇలా ఆగితే తాళం లాక్ దాకా తిప్పొద్దు, స్టీరింగ్ బిగుసుకుపోతుంది. బ్రేకు ఒకటి రెండు సార్లు మామూలుగానే పడుతుంది, ఆ తర్వాత రాయిలా గట్టిపడుతుంది, అందుకే పంపు కొట్టినట్టు కొట్టకుండా ఒకే తొక్కుడులో పక్కకి తీసి ఆపాలి. జాతీయ రహదారి మీదైతే 1033కి ఫోన్ చేయండి, సాయం పంపిస్తారు.

హైవే65:
ఈరోజు మధ్యాహ్నం కావాలనే బయటికి తీశాను, బైపాస్ మీద మళ్లీ ఆగింది. పంపు శబ్దం స్పష్టంగా వస్తోంది. ఇమ్మొబిలైజర్ లైటు మామూలుగానే ఆరిపోతోంది. ముల్లు మాత్రం సున్నా మీద నుంచి కదల్లేదు, సెల్ఫ్ ఎంతసేపు కొట్టినా. ఇంజిన్‌కి బెల్టు కాదు, చైన్ అని బుక్‌లో ఉంది.

ఆటో_కరెంటు_గుంటూరు:
అయితే నా అనుమానం క్రాంక్ సెన్సార్ మీదే. ఇంజిన్ తిరుగుతోందని ఈసీయూకి (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌కి) చెప్పేది ఆ సెన్సారే. చాలా బండ్లలో తాళం ఆన్ చేయగానే ఈసీయూ పంపుని రెండు సెకన్లు తిప్పి ఆపేస్తుంది, ఆ తర్వాత క్రాంక్ నుంచి సిగ్నల్ వస్తేనే మళ్లీ తిప్పుతుంది. యాక్సిడెంట్‌లో ఇంజిన్ ఆగిపోయాక పెట్రోల్ కారుతూ ఉండకూడదని పెట్టిన ఏర్పాటు అది. సెన్సార్ చచ్చిపోతే ఇంజిన్ తిరుగుతున్న సంగతే ఈసీయూకి తెలియదు, అందుకని పెట్రోలూ ఇవ్వదు, స్పార్కూ ఇవ్వదు. మీ మెకానిక్ చూసింది నిజమే, పెట్రోల్ రాలేదు. కానీ పంపు పోయి రాకపోవడం వేరు, పంపుని తిప్పమని ఎవరూ చెప్పక రాకపోవడం వేరు. స్పార్క్ కూడా చూసి ఉంటే అక్కడే తేలిపోయేది: రెండూ ఒకేసారి పోయాయంటే రెండింటికీ పైన ఉన్నదేదో పోయినట్టు. ఇంకోమాట, వేడి ఇంజిన్ మీద పైపు ఊడదీసి సెల్ఫ్ కొట్టడం చాలా ప్రమాదం, పెట్రోల్ చిమ్మితే అంటుకుంటుంది, గేజ్ పెట్టి ప్రెషర్ చూడాలి.

సెన్సార్ లోపల సన్నటి తీగ చుట్ట ఉంటుంది. వేడికి ఎక్కడో విడిపోతుంది, చల్లారితే మళ్లీ అతుక్కుంటుంది, అందుకే మీకు ఎండలోనే ఆగుతోంది. రెండు వైర్ల సెన్సార్ అయితే చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, ఆగిపోయినప్పుడు ఒకసారి మల్టీమీటర్‌తో ఓమ్స్ చూడండి. చల్లగా కొన్ని వందలో వెయ్యో చూపించి, వేడిలో ఓపెన్ (తీగ తెగినట్టు) చూపిస్తే ఇక అనుమానం లేదు. మూడు వైర్లదైతే చాలావరకు హాల్ రకం (తీగ చుట్ట బదులు ఎలక్ట్రానిక్ చిప్ ఉండేది), దానికి ఓమ్స్ చూస్తే ఏమీ తెలియదు. స్కానర్‌లో లైవ్ డేటా పెట్టి, సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం చూడాలి. కోడ్ లేదని సెన్సార్ బాగున్నట్టు కాదు, అసలు లోపం ఉన్నా పీ0335 (క్రాంక్ సెన్సార్ కోడ్) పడని బండ్లు చూశాను.

పాత_డీజిల్:
కామన్ రైల్ డీజిల్‌లో కూడా ఈ సెన్సార్ పోతే ఇదే లక్షణం. కాకపోతే డీజిల్ వాళ్లు ముందు ఫిల్టర్‌లో నీళ్లున్నాయా, లైన్‌లో గాలి పట్టిందా చూసుకోవాలి. ఏ బండైనా సరే ఎలుకలు వైర్లు కొరికాయేమో కూడా చూడండి, ఇంటి ముందు పెట్టిన బండ్లకి ఇది మామూలే.

హైవే65:
చాలా థ్యాంక్స్ అన్నా. ఇక్కడి ఎలక్ట్రీషియన్ దగ్గర రిలే తీసి పంపుకి నేరుగా కరెంటు ఇచ్చి, గేజ్‌తో ప్రెషర్ చూశాం, బుక్‌లో ఉన్నంత వస్తోంది. వేడిలో సెన్సార్ ఓపెన్ చూపించింది. ఒరిజినల్‌ది వేయించాను, పంపుని ముట్టుకోలేదు. ఎండలోనే కోదాడ దాకా వెళ్లొచ్చాం, ఎక్కడా ఆగలేదు. పాత కనెక్టర్‌లో మాత్రం ఆయిల్ ఉంది, దానికేమైనా చేయాలా?

ఆటో_కరెంటు_గుంటూరు:
చేయాలి. కాంటాక్ట్ క్లీనర్‌తో కనెక్టర్ కడిగించి, ఆ ఆయిల్ క్రాంక్ సీల్ నుంచి వస్తోందా, పైన వాల్వ్ కవర్ నుంచి కారుతోందా చూపించండి. లీకు ఆపకపోతే కొత్త సెన్సార్ వైరు కూడా నాని పాడవుతుంది. వైరు సైలెన్సర్ పైపుకి తగలకుండా పాత క్లిప్పులోనే కట్టారో లేదో కూడా చూసుకోండి, హడావుడిలో చాలామంది దాన్ని వేలాడదీసి వదిలేస్తారు.