లండన్ సిటీ బస్సుల్లో ఒక్కరే తిరగొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి

తెనాలి టీచర్ (2025 అక్టోబరు 12)
అందరికీ నమస్కారం. రిటైరై రెండేళ్లయింది. నవంబరులో లండన్‌లో మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాను. ఆరు వారాలు ఉంటాను. వాడుండేది ఈస్ట్ హామ్‌లో. పొద్దున ఎనిమిదికి వాడూ కోడలూ ఆఫీసులకు బయల్దేరితే మళ్లీ సాయంత్రం ఆరు దాటాకే రావడం. అన్నాళ్లు ఇంట్లో కిటికీ దగ్గర కూర్చోవడం నా వల్ల కాదు. భూమి లోపలి రైలంటే మెట్లు ఎక్కువట, నా మోకాళ్లు ఊరుకోవు. అందుకే బస్సులు అనుకుంటున్నాను. ఇంగ్లిష్ చదువుతాను, అర్థమవుతుంది, కానీ వాళ్ల యాసంటే జంకు. కండక్టర్ ఉంటాడా? టికెట్ ఎక్కడ తీసుకోవాలి? దారి తప్పితే ఏం చేయాలి?

ఇల్ఫర్డ్ కోడలు
టీచర్ గారూ, తప్పకుండా తిరగండి. మా అత్తయ్య 67 ఏళ్ల వయసులో మూడో రోజుకల్లా ఒక్కరే వెళ్లి కూరగాయలు తెచ్చేవారు.

కండక్టర్ ఉండడు. 2014 జూలై నుంచి బస్సులో నగదు అసలు తీసుకోరు. ముందు తలుపు నుంచి ఎక్కి, డ్రైవర్ పక్కనున్న పసుపు రంగు రీడర్ మీద బ్యాంకు కార్డు ఆనించాలి. కీమని శబ్దం వచ్చి పచ్చ లైటు వెలిగితే సరిపోయినట్టే. దిగేది మధ్య తలుపు నుంచి. ఎంత దూరం వెళ్లినా 1.75 పౌండ్లే. మొదటిసారి కార్డు ఆనించిన గంటలోపు ఎన్ని బస్సులు మారినా మళ్లీ డబ్బు పడదు.

బయల్దేరే ముందు ఇండియాలోనే చేసుకోవాల్సిన పని ఒకటుంది. మీ బ్యాంకు యాప్‌లో కార్డుకు విదేశీ వాడకం, కాంటాక్ట్‌లెస్ (పిన్ లేకుండా ఆనించి కట్టడం) రెండూ ఆన్ చేయండి. వీసా గానీ మాస్టర్‌కార్డ్ గానీ ఉండాలి, రూపే పని చేయదు. బ్యాంకు విదేశీ లావాదేవీ రుసుము ఎక్కువైతే మీ అబ్బాయిని ఓయిస్టర్ కార్డు (లండన్ బస్సులకు, రైళ్లకు వాడే ప్రయాణ కార్డు) కొని డబ్బు వేసి ఇమ్మనండి.

హనుమకొండ
మా అమ్మ సంగతి చెప్తా, మీరుండేది ఈస్ట్ హామే కాబట్టి పనికొస్తది. హై స్ట్రీట్ నార్త్‌లో మహాలక్ష్మి గుడి ఉంది. శుక్రవారం గుడికి పోదామని టౌన్ హాల్ దగ్గర 101 ఎక్కింది. నంబరు కరెక్టే. కానీ బస్సు బెక్టన్ వైపు పోయేది, గుడి దానికి పూర్తిగా అవతలి దిక్కు. సగం దూరం పోయినంక షాపులన్నీ అయిపోయి పెద్ద రోడ్డొచ్చింది. అప్పుడు నాకు ఫోన్ చేసి ఏడుపు గొంతుతోటి మాట్లాడింది. నేను ఆఫీసులో, మీటింగ్ మధ్యలో. ఆ పది నిమిషాలు నా చేతులు చల్లబడ్డయ్.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒకటే నియమం: నంబరొక్కటే చూసుడు కాదు, స్టాప్ మీదున్న అక్షరం కూడా చూడాలె. చాలా స్టాప్‌ల స్తంభం పైన ఎర్రటి గుండ్రంలో ఒక ఇంగ్లిష్ అక్షరం ఉంటది. పోయే స్టాప్ అక్షరం, వచ్చే స్టాప్ అక్షరం రెండూ కాగితం మీద రాసి అమ్మ పర్సులో పెట్టిన. మళ్ల ఎప్పుడూ తప్పలే.

ఇంకోటి. స్టాప్‌ల నిలబడితే బస్సు ఆగుతదనుకోవద్దు, చెయ్యి చాపాలె.

తెనాలి టీచర్
హనుమకొండ గారూ, అమ్మగారి మాట చదివి నాకూ గుండె కొట్టుకుంది. అక్షరం మాట నోట్ చేసుకున్నాను. ఇంకో సందేహం. ఇక్కడ ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి వచ్చాక ఆధార్ చూపించి తెనాలి నుంచి గుంటూరుకు ఉచితంగానే వెళ్తున్నాను. లండన్‌లో 60 దాటినవాళ్లకు బస్సు ఉచితమని పక్కింటావిడ చెప్పింది. నిజమేనా?

ఇల్ఫర్డ్ కోడలు
ఆ పాస్ లండన్‌లో నివాసం ఉన్నవాళ్లకే అమ్మా, చూడ్డానికి వచ్చినవాళ్లకు ఇవ్వరు. పిల్లలకైతే మాత్రం పదకొండేళ్లలోపు ఎవరైనా ఉచితమే. మీకు రోజుకు 5.25 పౌండ్లు దాటి పడదు, సోమవారం నుంచి ఆదివారం దాకా 24.70 దాటదు. కానీ ఎప్పుడూ ఒకే కార్డు వాడాలి. మా మామయ్య ఒక బస్సులో కార్డు, తర్వాతి బస్సులో అదే కార్డు ఉన్న ఫోను ఆనించారు. మిషనుకు అవి వేర్వేరు మనుషుల కింద లెక్క. గంటలోపే మారినా రెండు చార్జీలు పడ్డాయి.

సింగపూర్ నెల్లూరు
నేను సింగపూర్‌లో ఉంటాను. ఇక్కడ బస్సు దిగేటప్పుడు కూడా కార్డు ఆనించాలి, లేకపోతే ఆఖరి స్టాప్ దాకా వెళ్లినట్టు చార్జీ పడుతుంది. ఆ అలవాటుతో లండన్ బస్సు దిగే తలుపు దగ్గర రీడర్ కోసం వెతుక్కున్నాను. అక్కడ ఎక్కేటప్పుడు ఒక్కసారి ఆనిస్తే చాలు.

విశాఖ బాబాయ్
టీచర్ గారూ, లండన్ చూడాలంటే డబుల్ డెక్కర్ పై అంతస్తులో ముందు వరస సీటును మించింది లేదు. టూరిస్టు బస్సుకు బోలెడంత పోసి చూసేది మీరు 1.75కే చూడొచ్చు. మోకాళ్లు ఒప్పుకుంటే మాత్రం ఎక్కండి. బస్సు కదలకముందే మెట్లెక్కండి, స్తంభం వదలకండి.

మీ ఈస్ట్ హామ్ నుంచి 115 ఎక్కితే ఆల్డ్‌గేట్ దాకా వెళ్తుంది. దార్లో కమర్షియల్ రోడ్డు మీద ఎక్కడైనా దిగి అదే స్టాప్‌లో 15 ఎక్కండి. టవర్ ఆఫ్ లండన్, సెయింట్ పాల్స్, ఫ్లీట్ స్ట్రీట్, స్ట్రాండ్ మీదుగా ట్రఫాల్గర్ స్క్వేర్ చేరుస్తుంది.

మరో రోజు ట్రఫాల్గర్ నుంచి 24 ఎక్కి కామ్‌డెన్ టౌన్‌లో దిగండి, అక్కడ 31 పట్టుకుని అడిలైడ్ రోడ్డులో దిగితే కాస్త నడకలో 10, కింగ్ హెన్రీస్ రోడ్డు. 1921-22లో చదువుకునే రోజుల్లో అంబేడ్కర్ గారున్న ఇల్లు. ఇప్పుడు మ్యూజియం. నేనూ మా ఆవిడా వెళ్లినరోజు మేమిద్దరమే ఉన్నాం. మెట్లెక్కి ఆయన గదిలోకి వెళ్లాక చాలాసేపు మాట రాలేదు. దయచేసి అది వదులుకోకండి. తెరిచి ఉండే వేళలు ముందు చూసుకోండి.

రాజమండ్రి స్టూడెంట్
ఆంటీ, ఒక్కోసారి బస్సు చివరిదాకా వెళ్లదు. "ఈ బస్సు గమ్యం మారింది" అని స్పీకర్లో చెప్పి మధ్యలో దింపేస్తారు. మొదటిసారి వానలో అలా దిగి ఫుట్‌పాత్ మీద నిలబడిపోయాను. నాతో దిగిన పెద్దాయన నా మొహం చూసి, "వెనకాలే ఇంకోటి వస్తుందమ్మా" అన్నట్టు వేలు చూపించి, అది వచ్చేదాకా గొడుగు నామీదికి వంచి పట్టుకున్నాడు. మీకలా అయితే కంగారు పడకుండా అందరూ నిలబడ్డచోటే నిలబడండి. మీ విమానం ఏ అర్ధరాత్రో దిగితే హీత్రో నుంచి ఎన్9 బస్సు రాత్రంతా ఉంటుంది, అదీ 1.75కే. అయినా మీరు పెద్ద సూట్‌కేసులతో దాన్లో వద్దు, అన్నను రమ్మనండి.

ఇల్ఫర్డ్ కోడలు
మరచిపోయాను. డిసెంబరు 25న లండన్‌లో బస్సులు, ట్యూబు (భూమి లోపలి రైలు) ఏవీ నడవవు. ఆ రోజు ఏమీ పెట్టుకోకండి. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడిపోతుంది, మూడింటికల్లా వెనక్కి బయల్దేరండి.

తెనాలి టీచర్ (2026 జనవరి 8)
మొన్ననే తిరిగొచ్చాను. ముందుగా మీ అందరికీ చేతులెత్తి నమస్కారం.

మొదటి వారం మా వీధి చివరి స్టాప్ నుంచి మూడు స్టాప్‌లు వెళ్లి రావడం, అంతే. తెర మీద స్టాప్ పేరు పడుతుంది, గొంతూ చెబుతుంది. యాస భయం నాలుగు రోజుల్లో పోయింది. ఒకసారి నా చేతికర్ర చూసి డ్రైవరే బస్సును నా వైపు కిందికి వంచాడు. బుసమని గాలి వదిలిన చప్పుడు, మెట్టు కాస్తా గట్టుకు సమానంగా వచ్చేసింది. అడుగు తీసి అడుగు వేశానంతే, మోకాలు వంచాల్సిన పనే పడలేదు. మన ఊళ్లో మొదటి మెట్టుకే ఎవరి చెయ్యో పట్టుకోవాలి కదా. ఎక్కి కూర్చున్నాక కళ్లు తడయ్యాయి.

బాబాయ్ గారూ, 24 మీద వెళ్లి 31 మారి ఆ ఇల్లు చూశాను, ఒక్కదాన్నే. హనుమకొండ గారూ, మహాలక్ష్మి గుడికి ఐదుసార్లు వెళ్లాను. మా అబ్బాయి రాసిచ్చిన అక్షరాల కాగితం మడతలు పడి చిరిగితే ప్లాస్టర్ అంటించి దాచుకున్నాను. ఫిబ్రవరిలో మా వియ్యపురాలు వెళ్తోంది, ఆవిడకిస్తాను.