ఆరు కీళ్ల రోబో చేయికి బస్ సర్వోలా, మామూలు సర్వోలా?

రెంచీ:
డిప్లొమా ల్యాబ్‌కి ఆరు కీళ్ల చేతులు పది కట్టాలండి. పూర్తిగా చాస్తే 30 సెం.మీ., మోయాల్సింది 200 గ్రాములు. కొందరు ఎస్‌టీఎస్3215 లాంటి బస్ సర్వోలు (చెప్పిన కోణానికి తిరిగే మోటార్లు, అన్నీ ఒకే తీగ వరస మీద ఆదేశాలు అందుకుంటాయి) కొనమంటున్నారు. మోటారు, గేర్లు, కోణం కొలిచే ఎన్‌కోడర్, కంట్రోలర్ అన్నీ ఒకే డబ్బాలో ఉంటాయి, ఒకదాని నుంచి ఇంకోదానికి కేబుల్ గుచ్చుకుంటూ పోతే సరి. మరికొందరు ఎంజీ996ఆర్ అనే మామూలు సర్వోలు, వాటికి సిగ్నళ్లిచ్చే పీసీఏ9685 బోర్డు ఒకటి చాలంటున్నారు. ఒక బస్ సర్వో డబ్బుకి ఎంజీ996ఆర్‌లు నాలుగైదు వస్తాయి. ఇలాంటి ఒకే డబ్బా మాడ్యూళ్లతో మొత్తం మీద ఖర్చు తగ్గుతుందన్నది నిజమేనా? లెక్కతో చెప్పండి.

టార్క్‌లెక్క:
భుజం కీలు దగ్గర మొదలుపెట్టండి. 0.2 కిలోలు × 30 సెం.మీ. = 6 కేజీ-సెం.మీ. చేయి సొంత బరువు 400 గ్రాములు, దాని మధ్యబిందువు 15 సెం.మీ. దగ్గర అనుకుంటే ఇంకో 6. మొత్తం 12. ఎంజీ996ఆర్‌ స్టాల్ టార్కే (ఇక తిరగలేక ఆగిపోయే చోట దాని తిప్పే బలం) 6 వోల్టుల దగ్గర 11. అంటే చేయి చాచగానే కిందికి వాలిపోతుంది, మోటారు వేడెక్కి కాలిపోతుంది. 12 వోల్టుల ఎస్‌టీఎస్3215 స్టాల్ 30. 12 అంటే అందులో 40 శాతం.

టంకం:
భుజానికి రెండు ఎంజీ996ఆర్‌లు ఎదురెదురుగా బిగిస్తే ఆ లెక్క తీరిపోతుంది. అసలు డిప్లొమా పిల్లలకి తెలియాల్సింది పల్స్ (ఎంత కోణం తిరగాలో తన పొడవుతో సర్వోకి చెప్పే సిగ్నల్) కదా! 20 మిల్లీసెకన్లకో పల్స్, ఆ 20 మిల్లీసెకన్లని పీసీఏ9685 4096 భాగాలు చేస్తుంది, 1 మిల్లీసెకను అంటే సుమారు 205 భాగాలు. ఇది చేత్తో చేస్తేనే బుర్రకెక్కుతుంది. మాడ్యూల్‌లో ఇదంతా మూతపెట్టిన డబ్బా. ఒకే కంపెనీ మీద ఆధారపడే ప్రమాదం కూడా ఉంది. రోబో భాగాలన్నిటినీ మాడ్యూళ్లుగా మార్చాలని హెచ్-రోస్ అనే పద్ధతి తెచ్చిన అక్యుట్రానిక్ రోబోటిక్స్ 2019లో మూతపడింది. దాన్ని నమ్ముకున్నవాళ్ల గతేంటి?

బస్‌లైన్:
టంకం గారూ, పల్స్ నేర్పాలన్న మాట ఒప్పుకుంటాను. దానికి ఒక్క సర్వో, ఒక్క బోర్డు ఉన్న బల్ల చాలు, పది చేతులు అక్కర్లేదు. జంట సర్వోల సంగతి మాత్రం ఒప్పుకోను. రెండింటి మధ్యస్థానం ఎప్పుడూ ఒకేచోట ఉండదు. ఒకటి 2 డిగ్రీలు అటు లాగితే రెండోది ఇటు లాగుతుంది, కదలకుండా నిలబడ్డా కరెంటు తాగుతూ గుయ్‌మంటుంటాయి. స్థానం తిరిగి చెప్పే దారి లేదు కాబట్టి తప్పు ఎక్కడుందో కూడా తెలీదు.

కరెంటూ లెక్కేయండి. మామూలు సర్వోలు ఆరూ ఒకేసారి ఇరుక్కుంటే, ఒక్కోదానికి 2.5 చొప్పున 6 × 2.5 = 15 ఆంపియర్లు. దాన్ని ఆర్డుయినో కంట్రోలర్ బోర్డు 5 వోల్టుల పిన్ నుంచి తీస్తే బోర్డు రీసెట్ అవుతూనే ఉంటుంది. సర్వోలకి వేరే సప్లై, గ్రౌండ్ మాత్రం ఉమ్మడి. ఈ సప్లై ధర మీ చవక లెక్కలో కలపలేదు.

బస్ సర్వోల్లో అందరూ తప్పు చేసేది ఐడీ (ఒక్కో సర్వోని పిలిచే నంబరు) దగ్గర. కొత్తవన్నీ ఐడీ 1తోనే వస్తాయి. ఆరూ గుచ్చి పిలిస్తే ఆరూ ఒకేసారి జవాబిస్తాయి, డేటా కలగాపులగం. అందుకే ఒక్కొక్కటే గుచ్చాలి. డేటా వేగం 10,00,000 బాడ్ (సెకనుకి అన్ని బిట్లు). 55వ రిజిస్టర్‌లో (సర్వో లోపల విలువ దాచుకునే గడి) 0 రాసి తాళం తీయాలి, 5వ రిజిస్టర్‌లో కొత్త ఐడీ రాయాలి, మళ్లీ 55లో 1. తాళం తీయకుండా రాస్తే ఆఫ్ చేసి ఆన్ చేయగానే పాత ఐడీయే. ఆ తర్వాత సర్వో ఇరుసుని చేత్తో మధ్యకి తెచ్చి, 40లో 128 రాస్తే ఆ చోటు 2048 అవుతుంది. హార్న్ (ఇరుసుని చేయికి కలిపే బిళ్ల) బిగించేది ఇదంతా అయ్యాకే. ముందే బిగిస్తే చేయి సగం దూరంలోనే ఫ్రేముకి గుద్దుకుంటుంది.

టంకం:
ఐడీ వివరం బాగుంది, కానీ నా అభ్యంతరం అలాగే ఉంది. ఏఎక్స్-12, ఎస్‌టీఎస్3215 రెండూ బస్ సర్వోలే, వాటి ఆదేశాల ప్యాకెట్లూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి: రెండు ఎఫ్‌ఎఫ్‌లు, ఐడీ, పొడవు, ఆదేశం, తప్పు పట్టే చెక్‌సమ్. అయినా ఇది తీసి అది పెట్టలేం. వెళ్లాల్సిన స్థానం ఏఎక్స్-12లో 30వ రిజిస్టర్, ఎస్‌టీఎస్‌లో 42. మొదటిది 300 డిగ్రీలకి 1024 మెట్లు, రెండోది 360కి 4096. ఇంక మార్చుకోగల మాడ్యూల్ ఎక్కడిది?

టార్క్‌లెక్క:
ఆ తేడాని రోస్2 కంట్రోల్ (రోబో సాఫ్ట్‌వేర్ రోస్2లో మోటార్లని నడిపే భాగం) లోని హార్డ్‌వేర్ ఇంటర్‌ఫేస్‌లో కట్టేయాలి. రిజిస్టర్ నంబర్లు, మెట్ల నుంచి రేడియన్లకి మార్పు అక్కడే ఉండాలి. పై ప్రోగ్రామ్‌కి కీళ్ల పేర్లు, కోణాలు తప్ప ఇంకేమీ తెలియకూడదు. రేపు సర్వో మారితే ఆ ఒక్క ముక్క తిరగరాస్తే సరి. మెకానికల్ కూడా మొదటినుంచి గీయక్కర్లేదు. ఎస్‌ఓ-101 చేయి ఇదే సర్వో ఆరింటితో నడుస్తుంది, దాని 3డీ ప్రింట్ ఫైళ్లు అందరికీ తెరిచే ఉన్నాయి.

బస్‌లైన్:
ఒక జాగ్రత్త. వరసగా గుచ్చినప్పుడు ఆరు సర్వోల కరెంటూ మొదటి కేబుల్ గుండానే పోతుంది. చివరి సర్వో దగ్గర వోల్టేజీ పడిపోయి అది జవాబివ్వడం మానేస్తుంది, చూసేవాళ్లు సర్వో పోయిందనుకుంటారు. 62వ రిజిస్టర్ చదివితే వోల్టేజీ తెలుస్తుంది. పడిపోతుంటే అదే సప్లై నుంచి మూడో సర్వో దగ్గర ఇంకో జత తీగలు ఇవ్వండి.

రెంచీ:
అయితే ముందు రెండు చేతులకి 12 బస్ సర్వోలు, స్పేర్‌గా ఇంకో 2, కేబుళ్లు 4 ఎక్కువ తెప్పిస్తాను. పల్స్ పాఠానికి ఎంజీ996ఆర్ బల్లలు మూడు. మిగతా ఎనిమిదీ ఈ రెండూ నెల నడిచాకే. టంకం గారూ, ఆ బల్లల వైరింగ్ బొమ్మ మీరు గీసిపెడతారా?

టంకం:
గీస్తాను. సర్వో సప్లై మీద 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ కూడా తెప్పించండి, బల్లకి ఒకటి.