మీ అమ్మ చెప్పకుండానే నేర్పింది ఏంది?

ప్రశ్న (పాకాల అబ్బాయి):
అమ్మ పోయి ఏడాది కావస్తా ఉంది. నన్ను కూర్చోబెట్టి నీతులేం చెప్పలేదు. రెండావులు, తెల్లారకముందే పాల కేంద్రం, ఆమెకి తీరిక యాడిది? నేర్చుకుందంతా పొయ్యి కాడే. సంగటికి బియ్యం మెత్తగా ఉడికినాక రాగిపిండి కుప్పగా పోసి, మధ్యలో తెడ్డుతో ఒక బొక్క పెట్టి వదిలేసేది. నేను గెలకబోతే చేతి మీద ఒకటేసేది. "ఉండ్రా, ఉడకనీ. ఇప్పుడే గెలికితే ఉండలు కడతాది." ఇప్పుడు ఆఫీసులో ఎవరైనా కోపంగా మెయిల్ పెడితే, జవాబు రాసి పంపకుండా టీకి పోతా. మీ ఇండ్లల్లో ఇట్లాంటివి ఏమున్నాయి?

జవాబు 1:
అమ్మతో అలిపిరి మెట్లెక్కినా, 3550. మోకాళ్ళ పర్వతం కాడ "ఇంకెన్నిమా?" అంటే, "పైకి చూడొద్దు, నా కాళ్ళు చూస్తా రా" అనింది. ఆమెకీ ఆయాసమే, చెప్పలా.

జవాబు 2:
మాది బంగారుపాళ్యం దిక్కు, తోతాపురి మామిడి తోట. కాయ తొడిమతోనే కోయాలని అమ్మ పట్టు. సొన కారితే తోలు నల్లబడతాది కదా. ధర పడిపోయిన ఏడు కూడా అట్లే కోయించింది. "గుజ్జు ఫ్యాక్టరీకి పోయే కాయకి అందమెందుకే" అని నాయన ఒకటే తిట్లు. నిజం చెప్పాలంటే నాకిప్పటికీ నాయన మాటే రైటనిపిస్తాది.

పాకాల అబ్బాయి:
హహ, మీ నాయన పక్షమే నేనూ అన్నా. ఇంకోటి, ఇంత రాసినా కానీ నా సంగటి ఇప్పటికీ ఉండలు కడతానే ఉంది.